మొక్క నాటితే అడవి లెక్క తీరిపోదమ్మా

చిట్టీ, బుజ్జీ, ఇద్దరూ కలిసి చదవండి.

మొన్న ఫోన్లో బుజ్జిగాడు అడిగాడు కదా, మా స్కూల్లో మొక్కలు నాటించారు, ఒక చెట్టు కొట్టేసి పది మొక్కలు నాటేస్తే సరిపోతుంది కదా అమ్మమ్మా అని. అది రెండు ముక్కల్లో చెప్పేది కాదు, అందుకే ఈ ఉత్తరం. నాటడం మంచిదే నాన్నా, మానొద్దు. కానీ సరిపోదు.

చెట్టు గాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని అందులో కార్బన్‌ని తన ఒంట్లో దాచుకుంటుందని చదివే ఉంటారు. బాగా ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే. అంటే ఒక టన్ను ఎండు కలపలో అర టన్ను కార్బన్ ఉన్నట్టు, దాన్ని తగలబెడితే ఆ కార్బన్ ఆక్సిజన్‌తో కలిసి సుమారు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అయి కూర్చుంటుంది. కలప కంటే దాన్నుంచి వచ్చే గ్యాస్ బరువే ఎక్కువ, చూశారా! అదంతా ఒక్క పూటలో గాల్లో కలిసిపోతుంది, మళ్ళీ కొత్త మొక్కల్లోకి చేరాలంటే మాత్రం దశాబ్దాలు పడుతుంది, అన్నాళ్ళూ అవి బతికి ఉండాలి కూడా. మన వైజాగ్‌లోనే 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి రోడ్ల పక్కన పెద్ద పెద్ద నిద్రగన్నేరు చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి, కొండలన్నీ ఆకు లేకుండా బోడిగా అయిపోయాయి, తర్వాత ఎంతమంది ఎన్ని మొక్కలు నాటారో, అయినా కొన్ని వీధుల్లో ఆ పాత నీడ ఇప్పటికీ రాలేదు.

ఇక ప్రభుత్వాలు, ఒప్పందాల సంగతి. 1997 అని గుర్తుపెట్టుకోండి. ఆ ఏడాది జూలైలో సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు చెప్పింది. బొర్రా గుహలు చూశాం కదా, ఆ చుట్టుపక్కల గిరిజన ఊళ్ళలో మైనింగ్ లీజులు ఇస్తుంటే సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది, షెడ్యూల్డ్ ఏరియా భూముల్ని మైనింగ్ కోసం ప్రైవేటు కంపెనీలకి ఇవ్వడం కుదరదని కోర్టు తేల్చేసింది. సరిగ్గా అదే ఏడాది డిసెంబర్‌లో జపాన్‌లో, భూమిని వేడెక్కించే గ్యాసులు తగ్గించుకోవాలని దేశాలన్నీ కలిసి రాసుకున్న క్యోటో ఒప్పందం కుదిరింది. దాని కింద తర్వాత రాసుకున్న రూల్స్ ఎలా ఉన్నాయంటే, మనలాంటి దేశాల్లో కొత్తగా చెట్లు పెంచితే కార్బన్ క్రెడిట్, అంటే పట్టి ఉంచిన కార్బన్‌కి బదులుగా అమ్ముకోగలిగే పత్రం వస్తుంది, ఉన్న అడవిని నరక్కుండా కాపాడితే మాత్రం ఏమీ రాదు. అంటే కొండని తవ్వనివ్వకుండా ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళ కష్టానికి ఆ లెక్కల్లో విలువే లేదు. నాకిది ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ రూల్స్ రాసినవాళ్ళు చెప్పిన కారణాలూ ఉన్నాయి లెండి, కొట్టిపారేసేవి కాదు. మీరు కాపాడకపోతే ఈ అడవి నిజంగా పోయేదేనా, ఎలా చెప్తారు? ఇక్కడ ఆపితే కొట్టేవాడు పక్క జిల్లాకి పోయి కొట్టడా? ఈ చిక్కుల్లోనే ఏళ్ళు గడిచాయి. 2005లో పాపువా న్యూగినీ, కోస్టారికా దేశాలు అడవుల్ని నిలబెట్టినందుకు కూడా డబ్బు ఇవ్వాలని గట్టిగా అడిగాయి, 2007లో బాలిలో జరిగిన వాతావరణ సమావేశంలో దానికి దారి తెరుచుకుంది, 2013లో వార్సాలో రూల్స్ కుదిరాయి. దీన్నే రెడ్ ప్లస్ అంటారు. వాతావరణం మీదే 2015లో కుదిరిన పారిస్ ఒప్పందంలో ఐదో ఆర్టికల్ కూడా అడవుల గురించే.

గట్టిగా అనుకుంటే నరికివేత తగ్గుతుంది, బ్రెజిల్ చేసి చూపించింది. అమెజాన్‌లో 2004లో ఒక్క ఏడాదే 27 వేల చదరపు కిలోమీటర్లకి పైగా అడవి పోయింది, 2012కి అది 5 వేల లోపుకి దిగింది. శాటిలైట్‌తో నిఘా పెట్టారు, అక్రమంగా నరికేవాళ్ళకి బ్యాంకు అప్పులు ఆపారు, అధికారుల్ని అడవుల్లోకి పంపారు. నిఘా సడలాక మళ్ళీ పెరిగింది, అదీ చూశాం.

మన దేశం 2030కల్లా అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పట్టి ఉంచుతామని మాటిచ్చింది. మంచి మాటే. కానీ మన దగ్గర అటవీ విస్తీర్ణం ఎలా లెక్కేస్తారో తెలుసా, ఒక హెక్టారు పైన ఉన్న నేలలో చెట్ల గొడుగు, అంటే పైనుంచి చూస్తే కొమ్మలు, ఆకులు కప్పిన భాగం, పది శాతం ఉంటే చాలు, ఏ చెట్టయినా, ఎవరి భూమైనా లెక్కలోకి వచ్చేస్తుంది. దారి పక్కన జీడిమామిడి తోటలు చూశారుగా, అవీ అందులోకే. తోటలకి నేను వ్యతిరేకం కాదు, రైతుకి అన్నం పెడతాయి. కానీ ఒకచోట పాత అడవి పోయి ఇంకోచోట తోట వస్తే మొత్తం లెక్కలో ఏమీ తగ్గినట్టే కనపడదు, నా బాధంతా అదీ. ఆ పోయిన అడవి మట్టిలో ఉన్న కార్బన్, అక్కడి ఊట నీళ్ళు, అడ్డాకులు ఏరుకుని బతికే ఆడవాళ్ళ సంపాదన ఆ తోటలో ఉండవు కదా.

ఇంకొకటి, మీ అమ్మకి ఇష్టమైన అరకు కాఫీ. అక్కడ కాఫీ మొక్కల మీద సిల్వర్ ఓక్ చెట్ల నీడ, ఆ చెట్లకే మిరియాల తీగ. 2023లో యూరప్ ఒక చట్టం చేసింది, 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టేసిన నేలలో పండిన కాఫీ, పామాయిల్, కోకో లాంటివి అక్కడ అమ్మకూడదు, పండిన చోటు ఎక్కడో మ్యాప్ మీద పాయింట్‌తో సహా చూపించాలి. అమలు వాయిదాలు పడుతూ వస్తోంది. చట్టం నాకు నచ్చింది, కానీ కొండ మీద సిగ్నల్ కూడా సరిగ్గా అందని ఊళ్ళో ఎకరం, రెండెకరాల గిరిజన రైతు ఆ కాగితాలన్నీ ఎక్కడ తెస్తాడు? ఆ పని కొనే కంపెనీలూ ప్రభుత్వమూ నెత్తినేసుకోవాలి, లేకపోతే అడవిని కాపాడినవాడే సరుకు అమ్ముకోలేక నష్టపోతాడు.

సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు కిరండూల్ రైలెక్కుదాం. శృంగవరపుకోట దాటాక కిటికీ దగ్గర కూర్చుని ఏది అడవో ఏది తోటో మీరే చెప్పాలి, నేను నోరు విప్పను. ఈలోగా ఇంకేం డౌట్లు వచ్చినా రాసి పెట్టుకోండి.

మీ అమ్మమ్మ,
విశాఖపట్నం