చెయ్యి సంగతి తర్వాత, ముందు చెంబు కింద పెట్టండి

నాలుగేళ్లుగా ఒంగోల్లో మా కాలనీ ఉమ్మడి తోటకి వచ్చే వాలంటీర్లని చూసుకునేది నేనే. ఐదు సెంట్ల స్థలం. వంకాయ, బెండ, గోంగూర, ఇంకో రెండు మూడు ఆకుకూరలు. కొత్తగా ఎవరొచ్చినా గేటు దగ్గరే చెప్పే మాట ఒకటుంది, "అన్నా, నా చెయ్యి మంచిది కాదు, నేను పెట్టిన మొక్క బతకదు, నాకు ఊడ్చే పనేదైనా ఇవ్వు" అని. మొన్నాదివారం ఒకావిడ ఇదే చెప్తా ఏడ్చినంత పని చేసింది, అందుకే రాస్తన్నా.

చెయ్యి మంచిది కాకపోవడం ఏందమ్మా. నేను చూసినంతలో మీ మొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్లు ఎక్కువై.

మే నెల ఎండకి మధ్యాహ్నం పూట వంగ ఆకులు వేలాడేస్తయి. లోపల తడి ఉన్నా సరే, ఆకుల్లోంచి ఆవిరైపోయే వేగాన్ని వేర్లు అందుకోలేవు, అంతే. సాయంత్రం ఆరింటికి చూస్తే మళ్లీ నిలబడి ఉంటది. కానీ మనోళ్లకి ప్రాణం ఆగదు, పాపం దాహమేస్తందని రెండు బకెట్లు గుమ్మరిస్తారు. మనదేమో నల్లరేగడి, బంక మట్టి, నీళ్లు తొందరగా దిగవు. మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోట నీళ్లు నిలబడితే వేరుకి ఊపిరాడక కుళ్లిపోద్ది, కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి మొక్క ఇంకా వాడుద్ది, అది చూసి ఇంకో బకెట్!

నేనేం తక్కువ తినలేదు. మొదటేడు వంగ నారు తెచ్చి నాటి, పొద్దున సాయంత్రం తడిపి తడిపి మొత్తం చంపేశా. పీకి చూస్తే వేర్లు గోధుమరంగులో, వాసన కొడతా, పట్టుకుంటే పైతోలు ఊడొచ్చింది. పక్క వీధిలో ఒకప్పుడు పొగాకు వేసిన పెద్దాయన వచ్చి చూసి, "అబ్బయా, నారుకి ఇట్టా పోస్తే మా నాయన చెంబు లాక్కునేవాడు" అని నవ్వి పోయాడు.

వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించండి. తడి తగిలితే ఆ రోజుకి నీళ్లు వద్దు. పొడిగా ఉంటే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కుదురంతా తడిసేలా పోయండి, పైపైన చిలకరించొద్దు, బోరు నీళ్లు ఉప్పగా ఉన్న చోట అట్టా చిలకరిస్తే ఉప్పంతా పైనే పేరుకుని తెల్లగా పూత కట్టిద్ది. కొత్తగా నాటిన నారుకీ, అప్పుడే మొలిచిన ఆకుకూరలకీ మాత్రం ఈ లెక్క వేరే, వాటి వేర్లు పైనే ఉంటయి, కొంచెం కొంచెం రోజూ కావాలి. కుదుళ్లలో వరిగడ్డి పరిస్తే సగం బాధ తగ్గుద్ది. అక్టోబరు, నవంబరు వానల్లో కూడా డ్యూటీ అని గొడుగేసుకుని వచ్చి నీళ్లు పోసినాయన ఉన్నాడు మా దగ్గర, ఏమనాలి చెప్పండి.

ఇక మిగతావి. జీవామృతం, అదే పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి పులియబెట్టిన నీళ్లు, ఎంత పోస్తే అంత మంచిదా? కాదు. 200 లీటర్ల డ్రమ్ము ఎకరానికి చెప్పిన లెక్క, మా ఐదు సెంట్లకి పది లీటర్లు చాలు. పచ్చి పేడ మొక్క మొదట్లో వేస్తే బలమా? చెదలు, వేరుపురుగు వస్తయి, బాగా చివికాక వేయండి.

నెలసరిలో ముట్టుకుంటే మొక్క మాడిపోద్దంట. ఇది వింటే నాకు ఒళ్లు మండుద్ది. ఒకమ్మాయి ప్రతి నెలా ఐదు రోజులు ఏదో ఒక సాకు చెప్పి మానేసేది, సంగతి తెలిశాక మా ఆవిడ మాట్లాడి తీసుకొచ్చింది. ఆ ఐదు రోజుల్లోనే ఆ పిల్ల చల్లిన తోటకూర రెండు కోతలు కోశాం.

మొన్న వచ్చినావిడకి రెండు వంగ మళ్లు అప్పజెప్పా. చెంబు మాత్రం ప్రస్తుతానికి నా దగ్గరే ఉంది.