పుట్టిన తేదీని బట్టి పౌరసత్వం: 1987, 2004 ఎక్కడివి?

2025 జూన్‌లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలుపెట్టినప్పుడు ఎన్నికల సంఘం ప్రజలను పుట్టిన తేదీని బట్టి మూడు వరసలు చేసింది. 1987 జులై 1కి ముందు పుట్టినవారు తమ కాగితం చూపితే చాలు. అప్పటి నుంచి 2004 డిసెంబరు 2 దాకా పుట్టినవారు తల్లిదండ్రుల్లో ఒకరిది కూడా జతచేయాలి. ఆ తర్వాతివారు ఇద్దరివీ పెట్టాలి. ఈ తేదీలు సంఘం కొత్తగా కనిపెట్టినవి కావు, 1955 పౌరసత్వ చట్టం మూడో సెక్షన్‌లోకి తర్వాతి సవరణలతో వచ్చి చేరినవి.

పౌరసత్వం మొదటి నుంచీ చిక్కుముడే. దేశవిభజనతో కోటిమందికి పైగా సరిహద్దులు దాటారు. పౌరసత్వ అధికరణం పెట్టినంత తలనొప్పి మరొక్కటి తప్ప ఇంకేదీ పెట్టలేదని 1949 ఆగస్టులో అంబేడ్కర్ రాజ్యాంగ సభలోనే చెప్పారు. చివరికి 5 నుంచి 9 దాకా అధికరణాలు మిగతా రాజ్యాంగం కంటే రెండు నెలల ముందే, 1949 నవంబరు 26న అమల్లోకి వచ్చాయి. పాకిస్థాన్ నుంచి వచ్చినవారికి 1948 జులై 19 గీత. ఆ లోపు వచ్చి ఇక్కడే స్థిరపడినవారికి పౌరసత్వం దానంతటదే దక్కింది. తర్వాత వచ్చినవారు ఆరు నెలలు ఉండి, పేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చింది. 1950 తర్వాతి సంగతి పార్లమెంటుకు వదిలేశారు.

1955 చట్టం ఉదారమైనది. విదేశీ దౌత్యాధికారుల పిల్లల వంటి కొద్దిమందిని మినహాయిస్తే, ఈ నేల మీద పుట్టినవారంతా పౌరులే. అమ్మానాన్నలు ఎవరని అడగలేదు. ఆ నియమం బలం 2010లో ఢిల్లీ హైకోర్టులో కనిపించింది. 1986లో హిమాచల్ ప్రదేశ్‌లో పుట్టిన టిబెటన్ యువతికి పాస్‌పోర్టు నిరాకరిస్తే, ఆమె పుట్టుకతోనే భారత పౌరురాలని కోర్టు తేల్చింది.

విదేశీయులను పంపించేయాలన్న అస్సాం ఉద్యమం, దాన్ని ముగించిన 1985 ఒప్పందం ఆ తలుపును సగం మూశాయి. బంగ్లాదేశ్, శ్రీలంక, కొన్ని ఆఫ్రికా దేశాల నుంచి వస్తున్నవారిని కారణంగా చూపి 1986లో చట్టం మార్చారు. 1987 జులై 1 నుంచి తల్లి గానీ తండ్రి గానీ పౌరులై ఉండాలి. 2003 సవరణ ఇంకా బిగించింది. 2004 డిసెంబరు 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు ‘అక్రమ వలసదారు’ కాకూడదు. సరైన పత్రాలు లేకుండా వచ్చినా, వీసా గడువు దాటి ఉండిపోయినా ఆ మాట వర్తిస్తుంది. అంటే తల్లి భారత పౌరురాలైనా, తండ్రి వీసా గడువు దాటి ఉంటే ఇక్కడే పుట్టిన బిడ్డకు కూడా పుట్టుకతో పౌరసత్వం రాదు. అక్రమ వలసదారుగా లెక్కకొచ్చినవారు రిజిస్ట్రేషన్ ద్వారా గానీ, ఏళ్ల తరబడి నివాసం చూపించి గానీ పౌరసత్వం అడగలేరు. 2019 సవరణ మూడు పొరుగు దేశాల నుంచి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన ఆరు మతాలవారికి మాత్రమే ఈ అడ్డు తీసింది.

విదేశాల్లో పుట్టే తెలుగు పిల్లలకు దారి వేరు. భారత పౌరసత్వం కావాలంటే ఏడాదిలోపు అక్కడి భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి, బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న పిల్లలకు దొరికేది ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. అది పౌరసత్వం కాదు. దానితో ఓటు రాదు, సాగుభూమి కొనడానికి వీల్లేదు.

ఇక్కడ ఎక్కువమంది పొరబడేది ఆధార్ దగ్గర. అది పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టమే చెబుతోంది. జనన ధ్రువపత్రం కూడా ఎక్కడ, ఎప్పుడు పుట్టారో చెబుతుందే గానీ, 1987 తర్వాత పుట్టినవారికి అదొక్కటే సరిపోదు. 2004 డిసెంబరు 3న పుట్టినవారికి 2022 డిసెంబరులో పద్దెనిమిది నిండాయి. ఇద్దరు తల్లిదండ్రుల సంగతీ తేలాల్సిన మొదటి తరం వీరే. వీరి తల్లుల్లో చాలామంది ఇంట్లో పుట్టారు, జననం నమోదు కాలేదు. స్కూలు రికార్డులో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు ఉంటాయి. ఒక కాగితంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటే మరో కాగితంలో పొడి అక్షరమే ఉంటుంది. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని రుజువు చేయాల్సిన బరువు ఇప్పుడు బిడ్డ మీద పడుతోంది.