నేరేడుకాయ కొరికినట్టుండే వైన్

ఇటలీలోని టస్కనీ ప్రాంతపు ఎర్ర వైన్ కియాంతిని మొదటిసారి గుక్క వేసిన మా మిత్రుడు మొహం చిట్లించాడు. "ఇదేంట్రా, పచ్చి నేరేడుకాయ కొరికినట్టుంది!" అన్నాడు. పక్కనున్నాయన అందుకుని, "మరి డ్రై వైన్ కదా, నోరు ఎండిపోతుంది" అని సర్దిచెప్పాడు. వీళ్లలో మావాడు చెప్పిందే సరైనది.

డ్రై అంటే తీపి మిగల్లేదని, అంతే. ద్రాక్షరసంలో ఉన్న చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. చక్కెర దాదాపు అయిపోయేదాకా పులియనిస్తే వచ్చేది డ్రై వైన్. నాలుక పిడచగట్టుకుపోవడం వేరే సంగతి. ఉగాది పచ్చడి తినేవాళ్లకు దాని పేరు చెప్పక్కర్లేదు: వగరు.

షడ్రుచుల్లో లెక్కేశాం గానీ, వగరు చాలావరకు స్పర్శే. ద్రాక్ష తొక్కలోంచి, గింజల్లోంచి వైన్‌లోకి దిగిన టానిన్లనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్దకట్టిస్తాయి. నోటిని జారుడుగా ఉంచేవి ఆ ప్రొటీన్లే. అవి పోతే నాలుక అంగిలికి గరగరా రాసుకుంటుంది. ఇది చూడటానికి వైన్ కూడా అక్కర్లేదు. టీపొడిని పది నిమిషాలు మరిగించి, పాలు లేకుండా ఒక గుక్క తాగి, నాలుకను అంగిలి మీద ఆడించండి. ఆ గ్లాసులోనే కాసిని పాలు పోసి మళ్లీ తాగండి. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ టానిన్లను ముందే పట్టేసుకుంటుంది కాబట్టి గరగర తగ్గిపోతుంది. టస్కనీలో ఈ వైన్ పక్కన గొర్రెపాల చీజ్ ఊరికే పెట్టరు.

కియాంతి కొండలు ఫ్లారెన్స్‌కీ సియెనాకీ మధ్య ఉంటాయి. అక్కడి ముఖ్యమైన ద్రాక్ష సాంజోవేసే. పులుపెక్కువ, వగరు బాగానే ఉంటుంది, రంగు మాత్రం కాస్త పలచన. ఒంటరిగా చేస్తే ఒక్కోసారి మొరటుగా వస్తుంది. ఇటలీకి ప్రధానిగా చేసిన బెత్తీనో రికాజోలి తన బ్రోలియో ఎస్టేట్‌లో ఏళ్ల తరబడి పాళ్లు మార్చి చూసి, 1872లో పీసా ప్రొఫెసర్ ఒకాయనకు ఉత్తరం రాశాడు. అందులో చెప్పింది ఇది: వాసన, సత్తువ సాంజోవేసేవి. ఆ కరకుదనాన్ని కనాయోలో అనే మరో నల్లద్రాక్ష మెత్తబరుస్తుంది. మల్వాజియా అనే తెల్లద్రాక్ష వైన్‌ను తేలిక చేస్తుంది, నిల్వ పెట్టేదాంట్లో వేయొద్దు.

ఆ చివరి మాటే తర్వాతివాళ్లు పక్కన పెట్టారు. కియాంతికి పెట్టిన 1967 నిబంధనలైతే తెల్లద్రాక్ష 10 నుంచి 30 శాతం కలపాల్సిందే అన్నాయి. అంత కలిపితే నీళ్లచారు కాక ఏమవుతుంది? ఆ కొండల్లోనే చేసే కియాంతి క్లాసికో రకంలో 2006 పంట నుంచి తెల్లద్రాక్షను పూర్తిగా నిషేధించారు. సాంజోవేసే కనీసం 80 శాతం ఉండాలి.

గ్లాసును ముక్కు దగ్గర పెడితే పుల్ల చెర్రీ, వయొలెట్ పూలు, ఎండిన ఆకులు తోస్తాయి. ఎవరూ ఏమీ కలపలేదు. వయొలెట్లకు ఆ వాసననిచ్చే అయోనోన్లు ద్రాక్షలోనూ పుడతాయి. వెనిలా తగిలితే అది కొత్త ఓక్ పీపా చలవ, వెనిలా కాయలో ఉండే వెనిలినే ఆ చెక్కలోనూ ఉంటుంది.

మావాడు ఓడిపోదల్చుకోలేదు. మిగతా గ్లాసును గోంగూర మాంసంతో పట్టించాడు. మిరపకారానికి మండే నరాల గ్రాహకాన్నే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుందని అప్పుడు చెప్పినా ఏం లాభం? చెవులు ఎర్రబడి మజ్జిగ అడిగాడు.