480 పేర్ల బ్యాలెట్

చిన్నూ, అమ్ములూ,

దసరాకు వచ్చినప్పుడు మీరడిగిన ప్రశ్నకు ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేదు. సద్దుల బతుకమ్మ హడావిడిలో "తర్వాత చెప్తా పొండి" అన్నాను. "అమ్మమ్మా, నువ్వు ఎలక్షన్ల మీద రీసెర్చ్ చేసినవట కదా, మరి ఎవరు గెలుస్తరో నీకు ముందే తెలుస్తదా?"

తెలియదు బిడ్డా. చాలాసార్లు తప్పే చెప్పాను. చాయ్ హోటల్లో గంట కూర్చొని వచ్చి మీ తాత చెప్పిందే ఎక్కువసార్లు నిజమయ్యేది.

ఎలక్షన్ అయిపోయి, గోడల మీద రాతలు వెలిసిపోయాక నా పని మొదలయ్యేది. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో చూపించే పట్టిక ఒకటుంటుంది, ఫారం 20 అంటారు. దాన్ని ముందేసుకొని, ఈ ఊరు ఇట్లా ఎందుకు వేసింది, పక్క ఊరు అట్లా ఎందుకు వేసింది అని తల పట్టుకునేదాన్ని. తర్వాత బస్సెక్కి ఆ ఊళ్లకే పోయేదాన్ని.

1952 లోక్‌సభ ఎన్నికల్లో మన నల్లగొండ నుంచి కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయని మీరు వినే ఉంటారు. నిజమే. కానీ అప్పుడు నల్లగొండలో ఇద్దరు ఎంపీలను ఎన్నుకున్నారు, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. మరి పోల్చవచ్చా? నాకూ ఇదే అనుమానం వచ్చి వెతికితే, నెహ్రూ నిలబడ్డదీ ఇద్దరు సభ్యుల స్థానమే అని తేలింది. మన గొప్ప నిలబడ్డది! అనుమానించి, వెతికి, అప్పుడు సంతోషపడాలి. నా ఉద్యోగంలో సగం ఇదే.

మీకు బాగా చెప్పాలనుకున్నది 1996 సంగతి. ఆ ఏడు నల్లగొండ ఎంపీ సీటుకు 480 మంది నిలబడ్డారు. గెలుస్తామని కాదు. బోరునీళ్లలో ఫ్లోరైడ్, తాగినవాళ్ల కాళ్లు వంకర్లు పోతున్నాయి, నడుములు వంగిపోతున్నాయి. పొలాలకూ నీళ్లు లేవు. ధర్నాలు చేసి చేసి విసిగి, నామినేషన్ వేయడాన్నే ధర్నా చేసుకున్నారు. నిలబడేవాళ్లు ముందు కట్టాల్సిన డిపాజిట్ అప్పటికి 500 రూపాయలే. పేర్లన్నీ పట్టేలా బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చేయాల్సి వచ్చింది, పోలింగ్ వాయిదా పడింది. చివరికి గెలిచింది సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గారు.

చెల్లిన ఓట్లలో ఆరోవంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. గెలిచినవాళ్ల పేరు రాసుకొని ఊరుకుంటే ఈ 480 మంది కథ కనబడదు. వంద ఓట్లు, యాభై ఓట్లు వచ్చినవాళ్ల వరుసలోనే ఉంటుంది అసలు సంగతి. అదే ఏడాది చట్టం మార్చి ఎంపీ సీటు డిపాజిట్ 10,000 చేశారు, ఇండిపెండెంట్లను పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలన్నారు. మన ఒక్కరి వల్లే అనను, తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకైతే వెయ్యి దాటారు. అయినా ఇక్కడివాళ్లు అడిగింది నీళ్లు, ముందు పెరిగింది డిపాజిట్. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది.

నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా చెప్తా, నవ్వకండి. పాలమూరు వైపు ఒక ఊళ్లో ఎండ భరించలేక పెద్దమనిషి ఇంటి అరుగు మీద కూర్చొని, వచ్చినవాళ్లనల్లా "ఎవరికి వేశారు?" అని అడిగాను. అందరిదీ ఒకటే మాట. మురిసిపోయి రాసుకున్నా. తర్వాత ఆ బూత్ లెక్క చూస్తే పూర్తిగా తలకిందులు! అన్నం ఉడికిందా లేదా చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు కదా. చాలు, కానీ గరిటె అడుగుదాకా పోవాలి. నేను పైమెతుకులే పట్టుకున్నా. ఆ తర్వాత ఓటర్ల లిస్టులోంచి లెక్కప్రకారం పేర్లు తీసి, వాళ్ల ఇళ్లకే పోయేదాన్ని. ఎవరికి వేసిందీ నోటితో చెప్పమనేదాన్ని కాదు. నమూనా బ్యాలెట్ ఇచ్చి, గుర్తు పెట్టి డబ్బాలో వేయమనేదాన్ని. ఒకామె చీటీ వేసి, "మా ఆయనకు చెప్పకు తల్లీ" అన్నది.

అసెంబ్లీ గురించి ఎక్కువ రాయను, మీకు బోర్ కొడుతుంది. సభలో మాట్లాడిందంతా అచ్చేసిన సంపుటాలు ఉంటాయి. లైబ్రరీలో దుమ్ము దులిపి, ఫ్లోరైడ్ గురించి ఎవరు ఎన్నిసార్లు అడిగారో పేజీలు తిప్పి లెక్కపెట్టేదాన్ని. చుక్క గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి చెప్పాలి, దానిమీద ఉపప్రశ్నలూ అడగొచ్చు. చుక్క లేనిదానికి రాతలో జవాబు ఇస్తే చాలు. టీవీలో గొడవలు చూసి ఎమ్మెల్యేలు ఏం పని చేయరనుకుంటాం. చేసేవాళ్లు ఈ పేజీల్లో దొరుకుతారు. చేయనివాళ్లూ దొరుకుతారు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నాన్నతో మన నియోజకవర్గం ఫారం 20 ప్రింట్ తీయించుకొని రండి. మన ఊరి బడి బూత్ నంబర్ ఏదో ముందు వెతికి పెట్టండి. అంకెలు మీరే చదవాలి, నాకు కళ్లద్దాలు పెట్టినా ఆనడం లేదు.

మీ అమ్మమ్మ
నల్లగొండ