రక్త పరీక్ష రిపోర్టు: దేనికి కంగారు పడాలి, దేనికి అక్కర్లేదు? (అపోహలు - వాస్తవాలు)

జనరల్ ఫిజీషియన్లకు ఇప్పుడు పేషెంటు కన్నా ముందు రిపోర్టు చేరుతోంది, అదీ వాట్సాప్‌లో. ఫొటో కింద ఒకటే మాట: "సార్, ఇక్కడ బోల్డ్‌లో ఉంది, ప్రమాదమా?" ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. రిపోర్టు రాత్రి ఫోన్‌కి వచ్చేస్తుంది, డాక్టరు దొరికేది మర్నాడు. ఈలోపు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మాత్రం ఇంకొకటి. మనవాళ్లు భయపడేది ఒకదానికి, భయపడాల్సింది మరొకదానికి. జ్వరంలో ప్లేట్‌లెట్లు లక్షా ఇరవై వేలకు వస్తే ఇల్లంతా హైరానా పడిపోతుంది. అదే ఇంట్లో అరవై దాటిన పెద్దాయనకు హిమోగ్లోబిన్ 9 ఉంటే "వయసైపోయింది కదా" అని రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేస్తారు. రెండోదానికే ముందు డాక్టరు దగ్గరికి రావాలి.

అపోహ: నార్మల్ రేంజ్ దాటిందంటే జబ్బు ఉన్నట్టే.

వాస్తవం: ఆ రేంజ్ ఎలా వస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. చాలా పరీక్షలకు ఆరోగ్యవంతుల రక్తాన్నే పరీక్షించి, మధ్యలో వచ్చిన 95 శాతం మంది విలువలను 'నార్మల్' అంటారు. అంటే ఏ జబ్బూ లేని వందమందిలో అయిదుగురు ఎలాగూ ఆ గీత బయటే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒకటైనా గీత దాటే అవకాశం దాదాపు 64 శాతం. 'ఫుల్ బాడీ చెకప్' పేరుతో డజన్లకొద్దీ అంశాలు చూపే రిపోర్టులో రెండు మూడు చోట్ల బోల్డ్ అక్షరాలు కనిపించడం వింతేమీ కాదు.

అందుకే నేను ముందు చూసేవి మూడు. గీత ఎంత దాటింది, పాత రిపోర్టుతో పోలిస్తే ఎటు వెళ్తోంది, ఆ మనిషికి ఏమైనా బాధ ఉందా. నొప్పులేమీ లేకుండా యూరిక్ యాసిడ్ 7.4 ఉంటే సాధారణంగా మందు అక్కర్లేదు. ఒంట్లో ఇన్ఫెక్షనో వాపో ఉంటే పెరిగే ఈఎస్ఆర్, వయసుతోపాటు, రక్తహీనతతో, గర్భంతో కూడా పెరుగుతుంది. ఒక్క ఈఎస్ఆర్ చూసి ఏ జబ్బూ తేల్చలేం. ప్యాకేజీల్లో కలిపేస్తున్న క్యాన్సర్ మార్కర్ల మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. వాటిలో ఒకటైన సీఏ-125 నెలసరి సమయంలోనూ, గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు ఉన్నా పెరగొచ్చు. ఏ లక్షణమూ లేనివాళ్లలో క్యాన్సర్ వెతకడానికి పనికొచ్చే పరీక్ష కాదది. దానివల్ల కుటుంబాలు పడే నరకం చూస్తూనే ఉన్నాను.

అపోహ: టైఫాయిడ్ పాయింట్లు తగ్గేదాకా ఇంజెక్షన్లు చేయించుకోవాలి.

వాస్తవం: మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంతగా పాతుకుపోయిన అపోహ ఇంకోటి లేదేమో. 'పాయింట్లు' అంటే విడాల్ పరీక్షలో కనిపించే 1:80, 1:160 లాంటి అంకెలు. అవి రక్తంలో టైఫాయిడ్ క్రిములు ఎన్ని ఉన్నాయో చెప్పవు. మన శరీరం తయారుచేసిన యాంటీబాడీల స్థాయిని చెబుతాయి. యాంటీబాడీలు ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వల్ల, టీకా వల్ల, వేరే జ్వరాల వల్ల కూడా కనిపిస్తాయి. జబ్బు పూర్తిగా తగ్గాక కూడా నెలల తరబడి ఉండిపోతాయి. కాబట్టి జ్వరం పోయి, ఆకలి పుట్టి, మనిషి లేచి తిరుగుతున్నాక "ఇంకా పాయింట్లు ఉన్నాయి" అని మళ్లీ యాంటీబయాటిక్ ఎక్కించుకోవడంలో అర్థం లేదు.

విడాల్ పరీక్ష 1896 నాటిది. ఇప్పుడు టైఫాయిడ్ నిర్ధారణకు నమ్మదగినది బ్లడ్ కల్చర్. అది జ్వరం మొదలైన మొదటి వారంలో, యాంటీబయాటిక్ పడకముందే తీస్తే బాగా పనికొస్తుంది. మూడో రోజో నాలుగో రోజో తగ్గని జ్వరానికి ముందు విడాల్ రాయించుకోవడం కన్నా "కల్చర్‌కి రక్తం తీస్తారా?" అని అడగండి.

ఈ పాయింట్ల వెంట పడటంలో ఇంకో ప్రమాదం, అసలు జబ్బు తప్పిపోవడం. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం మన దగ్గర ఉంది. పొలాల్లో, పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే వస్తుంది. కొందరికి చంకలోనో, గజ్జల్లోనో, నడుము దగ్గరో నల్లటి చెక్కు కట్టిన పుండు ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి పేషెంటుకే తెలియదు. డాక్సీసైక్లిన్‌తో రెండు మూడు రోజుల్లో తగ్గే జ్వరం, 'టైఫాయిడ్' పేరుతో వారం పది రోజులు వేరే ఇంజెక్షన్లు చేయిస్తూ ఉంటే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతినేదాకా పోవచ్చు. ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లకైతే మలేరియా పరీక్ష తప్పనిసరి.

అపోహ: డెంగీలో ప్లేట్‌లెట్లు లక్షలోపు వస్తే ఎక్కించాల్సిందే.

వాస్తవం: రక్తస్రావం లేకపోతే, సాధారణంగా పదివేల లోపు పడిపోయేదాకా ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం రాదు. ముప్పై వేలు, నలభై వేలు ఉండి, నీళ్లు తాగుతూ, బీపీ బాగుండి కోలుకున్నవాళ్లే ఎక్కువ. డెంగీలో ప్రాణం తీసేది ప్రధానంగా ప్లేట్‌లెట్లు కాదు. రక్తనాళాల్లోంచి ద్రవం కారిపోయి, బీపీ పడిపోవడం, అంటే షాక్. దాన్ని చెప్పే అంకె అదే రిపోర్టులో ఉంటుంది: పీసీవీ లేదా హిమాటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం. ద్రవం కారిపోతే రక్తం చిక్కబడి అది పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు పడుతూ పీసీవీ పెరుగుతోందంటే ఆ పేషెంటును దగ్గరుండి చూసుకోవాలి. మా క్లినిక్‌కి ఫోన్ చేసేవాళ్లందరూ ప్లేట్‌లెట్ల సంఖ్యే చదువుతారు, పీసీవీ చదివేవాళ్లు అరుదు.

ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. అసలు ప్రమాదకరమైన సమయం జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులు. "జ్వరం పోయింది, గండం గడిచింది" అనుకునేది సరిగ్గా అప్పుడే. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, నల్లటి విరేచనం, మత్తుగా పడి ఉండటం, చేతులూ కాళ్లూ చల్లబడటం, మూత్రం తగ్గిపోవడం: వీటిలో ఏది కనిపించినా ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. బొప్పాయి ఆకు రసం ఈ షాక్‌ను ఆపుతుందనడానికి రుజువు లేదు. వాంతులవుతున్న మనిషికి ఆ చేదు పట్టించడం వల్ల నీళ్లు కూడా నిలవకుండా పోతాయి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, ఆస్ప్రిన్ వద్దు.

జ్వరమే లేకుండా, ఏ ఇబ్బందీ లేని మనిషికి హఠాత్తుగా ప్లేట్‌లెట్లు నలభై వేలని వస్తే, శాంపిల్ ట్యూబులో అవి గడ్డలు కట్టి మిషన్ లెక్క తప్పి ఉండొచ్చు. స్లైడ్ మీద చూడమని, లేదా వేరే రకం ట్యూబులో మళ్లీ తీయమని ల్యాబును అడగండి. గంటలో తేలిపోతుంది.

అపోహ: క్రియాటినిన్ 1.2 అంటే కిడ్నీలు బాగున్నట్టే. కొంచెం ఎక్కువున్నా నీళ్లు బాగా తాగితే సరిపోతుంది.

వాస్తవం: ఇక్కడ మాత్రం నేను కాస్త భయపెట్టాలనే అనుకుంటున్నాను. క్రియాటినిన్ కండ నుంచి వచ్చే వ్యర్థం, దాన్ని కిడ్నీలు వడపోసి బయటికి పంపుతాయి. పాతికేళ్ల కుర్రాడికి 1.2 ఉంటే కిడ్నీల వడపోత, అంటే ఈజీఎఫ్ఆర్, సుమారు 86 వస్తుంది. అదే 1.2 అరవై అయిదేళ్ల ఆవిడకు ఉంటే సుమారు 50. మూడు నెలలపాటు 60 లోపే ఉందంటే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. అంకె ఒకటే, మనుషులు వేరు. పైగా కిడ్నీల పని దాదాపు సగం పోయేదాకా క్రియాటినిన్ గీత దాటకపోవచ్చు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాలవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. షుగరూ బీపీ లేనివాళ్లకు, కొబ్బరి, జీడితోటల్లో పనిచేసేవాళ్లకు, నొప్పీ వాపూ ఏమీ లేకుండానే కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అక్కడైనా ఇంకెక్కడైనా లక్షణాల కోసం ఎదురుచూస్తే ఆలస్యమైపోతుంది. క్రియాటినిన్ గీత దాటితే ఒకటి రెండు వారాల్లో మళ్లీ చేయించి, దాంతోపాటు మూత్రంలో అల్బుమిన్ పరీక్ష అడగండి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు అంతా బాగున్నా ఏడాదికోసారి ఈ రెండూ చేయించుకోవాలి. ఒళ్లునొప్పులకు మందులషాపులో అడిగి తెచ్చుకునే పెయిన్ కిల్లర్లు ఆపేయండి. పాత క్రియాటినిన్ 0.9 ఉండి వారంలో 1.8 అయిందంటే, మూత్రం తగ్గిందంటే అదే రోజు వెళ్లాలి.

అపోహ: రక్తం తక్కువుంటే బీట్‌రూట్, ఖర్జూరం చాలు. లేదంటే ఒక బాటిల్ ఎక్కిస్తే సరి.

వాస్తవం: గర్భిణి కాని స్త్రీకి 12, పురుషుడికి 13, గర్భిణికి 11 లోపు హిమోగ్లోబిన్ ఉంటే రక్తహీనత. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సగానికి పైగా ఆడవాళ్లకు ఇది ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. బీట్‌రూట్‌కు రంగు ఉంది కానీ ఐరన్ పెద్దగా లేదు. 9కి పడిపోయిన రక్తాన్ని తిండి ఒక్కటే లేపలేదు, ఐరన్ మాత్రలు కావాలి. అవి టీ, కాఫీలతో వేసుకుంటే ఒంటికి పట్టవు. హిమోగ్లోబిన్ నార్మల్‌కి వచ్చాక కూడా సుమారు మూడు నెలలు వాడాలి. చాలామంది నెలకే ఆపేసి, ఆరు నెలల్లో మళ్లీ మొదటికి వస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం, రక్తం ఎందుకు తగ్గిందో తెలుసుకోవడం. నెలసరి ఎక్కువయ్యే అమ్మాయికి కారణం ఎదురుగానే ఉంది. నెలసరి ఆగిన అమ్మకో, యాభై దాటిన నాన్నకో ఐరన్ తగ్గిందంటే రక్తం ఎక్కడో పోతున్నట్టే అనుకోవాలి, ముఖ్యంగా కడుపులో, పేగుల్లో. అల్సర్ కావచ్చు, పెద్దపేగు క్యాన్సర్ కావచ్చు. "మొలలున్నాయిలే" అని సరిపెట్టుకోకండి. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ అవసరమా అని వారం రెండు వారాల్లో డాక్టరుతో మాట్లాడండి. తొందరగా దొరికిన పెద్దపేగు క్యాన్సర్ నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఇది ఎవరి ఇంట్లోనైనా చెప్పండి, దయచేసి.

అపోహ: బిలిరుబిన్ (కామెర్లలో ఒంటిని పచ్చగా మార్చే పదార్థం) పెరిగితే పసరు మందే గతి.

వాస్తవం: నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఏ, ఈ కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు పోతుంది. కొన్ని పసర్లు లివర్‌ను ఇంకా దెబ్బతీస్తాయి. కొందరికైతే వంశపారంపర్యంగానే బిలిరుబిన్ 2 దగ్గర ఉంటుంది, ఉపవాసం ఉన్నా జ్వరం వచ్చినా కాస్త పెరుగుతుంది, మిగతా లివర్ పరీక్షలన్నీ బాగుంటాయి. దాన్ని గిల్బర్ట్ సిండ్రోమ్ అంటారు, దానికి ఏ మందూ అక్కర్లేదు. కామెర్లతో మనిషి మత్తుగా, తికమకగా మాట్లాడుతున్నా, రక్తం గడ్డకట్టే ఐఎన్ఆర్ పరీక్ష పెరిగినా, గర్భిణికి కామెర్లు వచ్చినా ఒక్క రోజు కూడా ఆగొద్దు.

అపోహ: మిషన్ ఇచ్చిన అంకె తప్పు కాదు.

వాస్తవం: అవుతుంది. ఐరన్ లోపం ఉంటే మూడు నెలల షుగర్ పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ, ఉన్నదానికన్నా ఎక్కువ చూపించగలదు. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్నవాళ్లలో అది తప్పుదారి పట్టిస్తుంది. ఆ జబ్బు ఎక్కువగా కనిపించే ఏజెన్సీ గ్రామాలవాళ్లకు ఈ సంగతి డాక్టరే గుర్తుచేయాలి. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని ల్యాబుల్లో థైరాయిడ్ అంకెల్ని తారుమారు చేస్తాయి. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే పొటాషియం ఎక్కువ చూపిస్తుంది. కానీ పొటాషియం 6 దాటితే "తప్పేమోలే" అని ఇంట్లో కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రిలో మళ్లీ చేయించి, ఈసీజీ తీయించాలి. బీపీ మాత్రలు వాడే పెద్దవాళ్లు మత్తుగా, తికమకగా ఉండి సోడియం 120 దగ్గర ఉన్నా అంతే.

అపోహ: రిపోర్టు నార్మల్ వచ్చింది, ఇక ఏమీ లేదు.

వాస్తవం: గుండె కండరం దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్ పరీక్ష, ఛాతీ నొప్పి మొదలైన గంటలో చేస్తే నార్మల్ రావొచ్చు. అందుకే మూడు నుంచి ఆరు గంటల్లోపు మళ్లీ చేస్తారు, ఈసీజీ కూడా తిరిగి తీస్తారు. మొదటి రిపోర్టు చూసి సంతకం పెట్టి ఇంటికి వచ్చేయకండి. నొప్పి ఇంట్లోనే మొదలైతే ల్యాబుకు కాదు, 108కి ఫోన్ చేయండి. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మూడు వారాలు దాటి జ్వరం వస్తున్నా, రొమ్ములోనో మెడలోనో గడ్డ తగులుతున్నా రక్త పరీక్షలన్నీ బాగున్నాయన్న ధీమాతో ఆగొద్దు. వచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ, వాడుతున్న మాత్రల షీట్లతో సహా పట్టుకురండి. పసరు తాగినా సరే, మొహమాటపడకుండా చెప్పండి, మేం తిట్టం.