సీజన్ చివర్లో వేవర్లీ ప్రయాణం: అపోహలు – వాస్తవాలు

సముద్రం మీద ప్రయాణికులను తిప్పుతున్న తెడ్ల చక్రాల ఆవిరి ఓడ ప్రపంచంలో ఇప్పుడు ఒక్కటే మిగిలింది. అదే పీఎస్ (పాడిల్ స్టీమర్) వేవర్లీ. 1946 అక్టోబరు 2న గ్లాస్గోలో నీళ్ళలోకి దిగింది, 1947 జూన్ నుంచి ప్రయాణికులను ఎక్కించుకుంది. సాధారణంగా వేసవిలో ఎక్కువ రోజులు స్కాట్లాండ్‌లోని క్లైడ్ తీరంలో తిరిగి, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంగ్లండ్ దక్షిణ తీరానికీ థేమ్స్ నదికీ వస్తుంది. ప్రయాణాలు రద్దయ్యేదీ, జనం నిరాశపడేదీ ఎక్కువగా ఈ చివరి వారాల్లోనే.

అపోహ: ఎండ కాస్తోంది కదా, ఓడ తప్పకుండా వస్తుంది.

వాస్తవం: ఎండతో పని లేదు. గాలి ఎటు నుంచి వస్తోంది, ఎంత జోరుగా ఉంది, అలల పొంగు ఎంత అన్నవే చూస్తారు. నిన్న ఎక్కడో వందల మైళ్ళ అవతల లేచిన తుఫాను పొంగు ఇవాళ నీలాకాశం కింద పియర్‌ను, అంటే ఓడ ఆగే రేవుకట్టను, బాదుతూ ఉండొచ్చు. ఆ పియర్లు చాలావరకు ఏ చాటూ లేకుండా సముద్రంలోకి చొచ్చుకొచ్చి నిలబడ్డవి. ఎక్కి దిగే పలకకు (గ్యాంగ్‌వే) ఒక కొస పియర్ మీద, రెండో కొస డెక్ మీద ఉంటుంది. డెక్ అర మీటరు లేచి పడుతుంటే దాని మీదుగా పెద్దవాళ్ళనూ పిల్లలనూ దాటించలేరు. అందుకే ఒక్కోసారి ప్రయాణం ఉంటుంది, మీరు ఎక్కాల్సిన పియర్ దగ్గర మాత్రం ఓడ ఆగదు.

అపోహ: రెండు చక్రాలున్నాయి కాబట్టి ఒకదాన్ని ముందుకు, ఇంకోదాన్ని వెనక్కు తిప్పి ఉన్నచోటే ఓడను తిప్పుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద ఉన్నాయి, ఎటు తిరిగినా కలిసే తిరుగుతాయి. మలుపు తిప్పడానికి చుక్కానే దిక్కు. వెనక్కు నడిచేటప్పుడు అదీ సరిగా పట్టదు. పైగా 73 మీటర్ల ఓడ నీళ్ళలో మునిగి ఉండేది రెండు మీటర్ల లోపే. పైనున్న భాగమంతా గాలికి ఎదురు నిలుస్తుంది కాబట్టి పక్కగాలికి ఓడ ఇట్టే జరిగిపోతుంది.

పియర్‌కు చేరేటప్పుడు గమనించండి. ముందు, కొసన బరువు కట్టిన సన్నతాడు విసురుతారు. పియర్ మీదివాళ్ళు దాన్ని పట్టుకుని లావు మోకును లాగి గుంజకు తగిలిస్తారు. గాలి ఒడ్డు వైపు నుంచి తోస్తుంటే రెండో మోకు పడేలోపే వెనక భాగం దూరమైపోతుంది. గాలి పియర్ మీదికి నెడుతుంటే పక్కకు పొడుచుకొచ్చిన చక్రాల గూడు గట్టిగా తగులుతుంది. సిబ్బందికి ఈ రెండోదే ఎక్కువ భయం.

ఓడ ఒక పక్కకు ఒరిగితే అటు చక్రం లోతుగా మునుగుతుంది, ఇటుది పైకి తేలుతుంది, ఓడ దారి తప్పి లాగుతుంది. ఫొటోల కోసం అందరూ ఒకే పక్కకు చేరితే జరిగేదీ ఇదే. రెండు పక్కలా సర్దుకోమని సిబ్బంది అడిగితే దయచేసి వెంటనే కదలండి.

అపోహ: అది బొగ్గుతో నడిచే పాతకాలపు యంత్రం, అందుకే ఊరికే ఆగిపోతుంది.

వాస్తవం: బొగ్గు మానేసి చమురుకు మారింది 1957లోనే. బాయిలర్లు 1981లో, 2000లో, మళ్ళీ 2020లో మారాయి. గ్రీనాక్‌లో రాంకిన్ అండ్ బ్లాక్‌మోర్ వాళ్ళు చేసిన ఇంజిన్ మాత్రం మొదటిదే. ఒకే ఆవిరి వరసగా మూడు సిలిండర్లలో పనిచేస్తుంది. ఒక్కోచోట పని చేశాక ఒత్తిడి తగ్గి ఆవిరి వ్యాకోచిస్తుంది కాబట్టి సిలిండర్ల వ్యాసం 24, 39, 62 అంగుళాలుగా పెరుగుతుంది. కింది డెక్‌లో ఇంజిన్‌కు రెండు పక్కలా నడవాలున్నాయి. అక్కడ నిలబడితే చక్రాల ఇరుసును తిప్పే క్రాంకులు నూనెతో మెరుస్తూ చేతికందేంత దగ్గరలో ఎగిసి దిగుతుంటాయి. పైనుంచి కెప్టెన్ ఆదేశం తెచ్చే టెలిగ్రాఫ్ గంట మోగగానే ఇంజినీరు చెయ్యి లివర్ మీదికి వెళ్ళడం కూడా కనిపిస్తుంది. చక్రాలకైతే దుంగలే శత్రువులు. భారీ వానల తర్వాత నదులు మోసుకొచ్చిన దుంగ చక్రంలో ఇరుక్కుంటే చెక్క పలక విరుగుతుంది, మరమ్మతు అయ్యేదాకా ఆగాల్సిందే.

అపోహ: ఇంగ్లండ్, వేల్స్ మధ్యనున్న సముద్రపు పాయ బ్రిస్టల్ ఛానల్‌లో బయల్దేరే వేళలు ఇష్టమొచ్చినట్టు పెడతారు.

వాస్తవం: ఆ వేళలు పెట్టేది ఆటుపోట్లు. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పెద్ద పోట్ల రోజుల్లో అక్కడి ఏవన్‌మౌత్ రేవు దగ్గర పోటుకూ ఆటుకూ నీటిమట్టంలో తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది. సెప్టెంబరు చివర, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టూ వచ్చే అమావాస్య, పౌర్ణమి పోట్లు ఏడాదిలోకెల్లా పెద్దవి. పోటు ఎంత పైకొస్తే ఆటు అంత కిందికి దిగుతుంది, పియర్ పక్కన ఓడకు చాలినంత నీరుండే గంటలు తగ్గిపోతాయి. టికెట్ కొనేముందు తిథి చూసుకోండి. అష్టమి దాటిన ఒకటి రెండు రోజుల్లో ఈ తేడా బాగా తక్కువ.

అపోహ: అక్టోబరులో సముద్రం చల్లగా ఉంటుంది కాబట్టి లావు స్వెటర్ చాలు.

వాస్తవం: అక్కడి సముద్రం ఏప్రిల్లో కంటే అక్టోబరులోనే వెచ్చన. వణికించేది గాలి. ఓడ వేగం 14 నాట్లు, ఎదురుగాలి 15 నాట్లు అనుకోండి. డెక్ మీద మీకు తగిలేది 29, అంటే గంటకు దాదాపు 54 కిలోమీటర్లు. ఉన్ని ఎంత లావుదైనా దూరిపోతుంది. పైన గాలి చొరని జాకెట్టు, చెవులు కప్పే టోపీ తప్పనిసరి. మరీ చలేస్తే ఇంజిన్ పక్క నడవాలోకి దిగండి, ఓడలో అంత వెచ్చని చోటు ఇంకోటి లేదు.

అపోహ: జనం వస్తుంటే నవంబరులోనూ, రాత్రిళ్ళూ నడపొచ్చు.

వాస్తవం: బ్రిటన్‌లో తీరం వెంట తిరిగే ప్రయాణికుల ఓడల తరగతుల్లో కొన్నింటికి అనుమతి ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 వరకే. అదీ వాతావరణం అనుకూలిస్తేనే, సూర్యోదయానికి గంట ముందు నుంచి సూర్యాస్తమయమైన గంట దాకానే.

అపోహ: లండన్‌లో థేమ్స్ మీదున్న టవర్ బ్రిడ్జ్ తెరవాలంటే పెద్ద రుసుము కట్టాలి.

వాస్తవం: ఉచితమే. స్తంభం గానీ పైకట్టడం గానీ 30 అడుగులో అంతకు మించో ఉన్న ఏ ఓడకైనా, 24 గంటల ముందు చెబితే తెరుస్తారు. ఆ దృశ్యం కావాలంటే ఓ పావుగంట ముందే ముందు డెక్ మీదికి రండి.