మణలికి గ్యాస్ చేరిన దారి, దాని ధర

ఉత్తర చెన్నైలోని మణలిలో ఎరువుల కర్మాగారానికీ, దాని ఇరుగుపొరుగు రసాయన కర్మాగారాలకూ సహజవాయువు ప్రధానంగా అందేది ఒక్క చోటు నుంచే, అది ఓడల్లో వచ్చే గ్యాస్‌ను దించే ఎన్నూరు టెర్మినల్. అయినా గ్యాస్ ధర పెరిగినప్పుడు ఆ భారం రెండింటి మీదా ఒకే రకంగా పడదు. యూరియా తయారీకి పెరిగిన ఖర్చును చాలావరకు కేంద్రం సబ్సిడీ రూపంలో భరిస్తుంది. రసాయనాలు తయారుచేసేవారికి ఆ అండ లేదు. వారు సరుకు ధర పెంచాలి, లేదా ఉత్పత్తి తగ్గించాలి. ధర పెంచితే విదేశాల నుంచి చవకగా దిగే సరుకు మార్కెట్‌ను ఆక్రమిస్తుంది. ఈ తేడా ఎలా ఏర్పడిందో తెలియాలంటే సుమారు అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మణలి పారిశ్రామిక వాడ పుట్టింది నాఫ్తా మీద, అంటే ముడిచమురు శుద్ధిలో వచ్చే తేలికపాటి ద్రవం మీద. 1965లో ఏర్పడిన మద్రాస్ రిఫైనరీస్ 1969లో చమురు శుద్ధి మొదలుపెట్టగా, 1966లో ఏర్పడిన మద్రాస్ ఫర్టిలైజర్స్ 1971 నుంచి పక్కనే దొరికే నాఫ్తాతో అమ్మోనియా, యూరియా తయారుచేసింది. డిటర్జెంట్ల ముడిసరుకు, ప్రొపిలీన్ గ్లైకాల్ వంటివి తయారుచేసే కర్మాగారాలు తరువాతి కాలంలో చేరాయి. ఉత్తర చెన్నైలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారిలో ఈ కర్మాగారాల్లో ఉద్యోగాలు చేసినవారూ, వాటిని నమ్ముకుని చిన్న వ్యాపారాలు పెట్టుకున్నవారూ ఉన్నారు.

అదే కాలంలో పశ్చిమ భారతం వేరే దారి పట్టింది. బొంబాయి హై గ్యాస్‌ను ఉత్తరాదికి తీసుకుపోయేందుకు 1984లో గెయిల్ సంస్థ ఏర్పడింది. 1980ల చివరికల్లా హజీరా–విజయ్‌పూర్–జగదీశ్‌పూర్ పైపులైను వెంట గ్యాస్ ఆధారిత ఎరువుల కర్మాగారాలు వరుసగా వెలిశాయి. దక్షిణాదిలో గ్యాస్ ఉన్నా అది బావుల చుట్టుపక్కలే ఖర్చయ్యేది. కృష్ణా–గోదావరి గ్యాస్ కాకినాడ ఎరువుల కర్మాగారం వంటి వాటికి, కావేరీ బేసిన్ గ్యాస్ నాగపట్నం వైపు విద్యుత్కేంద్రాలకు పోయేది. ఈ రెంటికీ మధ్యనున్న చెన్నైకి ఏ పైపూ రాలేదు.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించే ఘట్టం కృష్ణా–గోదావరి బేసిన్‌లోని కేజీ–డీ6 గ్యాస్ క్షేత్రానిది. 2002లో కాకినాడ తీరానికి దూరంగా లోతు సముద్రంలో దొరికిన ఆ గ్యాస్ 2009 ఏప్రిల్‌లో గాడిమొగ ఒడ్డుకు చేరింది. ప్రభుత్వం ఆమోదించిన ధర ఎంఎంబీటీయూకు (గ్యాస్‌ను దాని ఉష్ణశక్తితో కొలిచే ప్రమాణం) 4.20 డాలర్లు. గాడిమొగ నుంచి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల మీదుగా గుజరాత్‌లోని భరూచ్ వరకు సుమారు 1,400 కిలోమీటర్ల పైపులైను సిద్ధమైంది. అందులో సగం దూరం కూడా లేని చెన్నైకి మాత్రం లైను పడలేదు. కాకినాడ–చెన్నై పైపులైనుకు 2007లోనే అనుమతి ఇచ్చినా, పని ముందుకు సాగకపోవడంతో 2012లో దాన్ని రద్దు చేశారు. ఈలోగా క్షేత్రమే చిక్కిపోయింది. 2010లో రోజుకు దాదాపు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరిన ఉత్పత్తి, 2012 నాటికి అందులో సగానికన్నా తక్కువకు పడిపోయింది. ఉన్న కొద్దిపాటి గ్యాస్‌లో ఎరువులు, వంటగ్యాస్, విద్యుత్తుకు ముందు పీట వేసి, 2011లో పెట్రోరసాయనాలు, రిఫైనరీలు, ఉక్కు కర్మాగారాలకు కోత పెట్టారు. లైను వేసినా గ్యాస్ మిగిలేది కాదు కదా అని కొందరు వాదిస్తారు. ఆ వాదన నాకు సరిగా తోచదు. బావి ఎండినా పైపు ఉంటుంది. అందులో మరో క్షేత్రం గ్యాస్‌నో, దిగుమతి గ్యాస్‌నో పంపుకోవచ్చు. ఆ వెసులుబాటు చెన్నైకి మరో పదేళ్లు దొరకలేదు.

పడమటి నుంచి రావలసిన లైనుకూ అడ్డంకులు ఎదురయ్యాయి. కొచ్చిలో 2013లో ఎల్ఎన్‌జీ (ద్రవరూపంలోకి మార్చిన సహజవాయువు) టెర్మినల్ మొదలైనా, అక్కడి నుంచి బెంగళూరుకు వెళ్లే పైపులైనును కోయంబత్తూరు నుంచి కృష్ణగిరి వరకు ఏడు జిల్లాల రైతులు తమ పొలాల్లో వేయనివ్వలేదు. 2016లో సుప్రీంకోర్టు గెయిల్‌కు అనుకూలంగా తీర్పు ఇచ్చినా పని సులువు కాలేదు. 2014 జూన్‌లో కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయిన తీరు తెలిసినవారెవరూ రైతుల భయాన్ని కొట్టిపారేయలేరు. పైపుల భద్రతకు చేయవలసిన ఖర్చును ఆదా చేస్తే, ఆ నష్టం ప్రాణాల రూపంలోనూ, తరువాత రావలసిన లైన్ల ఆలస్యం రూపంలోనూ తిరిగి వస్తుంది.

చివరికి మణలికి గ్యాస్ ఓడల మీద వచ్చింది. ఏడాదికి 50 లక్షల టన్నుల సామర్థ్యంతో ఎన్నూరులో ఇండియన్ ఆయిల్ నిర్మించిన ఎల్ఎన్‌జీ టెర్మినల్ 2019 మార్చిలో ప్రారంభమైంది. తూర్పు తీరంలో అదే మొదటిది. అదే ఏడాది మద్రాస్ ఫర్టిలైజర్స్ నాఫ్తా నుంచి గ్యాస్‌కు మారింది. నాఫ్తా యూరియా ప్లాంట్లు మూడేళ్లలో గ్యాస్‌కు మారాలని కేంద్ర విధానం చెప్పింది 2007లో. 2022 మేలో 115 కిలోమీటర్ల ఎన్నూరు–చెంగల్పట్టు, 271 కిలోమీటర్ల తిరువళ్లూరు–బెంగళూరు లైన్లను జాతికి అంకితం చేశారు.

దేశీయ గ్యాస్ అందని కారణంగా మణలి అదృష్టం ప్రపంచ మార్కెట్‌తో ముడిపడింది. 2020 వేసవిలో ఆసియాలో ఎల్ఎన్‌జీ విడి కొనుగోలు (స్పాట్) ధర ఎంఎంబీటీయూకు 2 డాలర్లకు దిగిపోగా, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లో అది 50 డాలర్లు దాటింది. అదే ఏడాది రష్యా గ్యాస్ సంస్థ గాజ్‌ప్రోమ్‌కు అంతకుముందు జర్మనీలో అనుబంధంగా ఉన్న సంస్థ గెయిల్‌కు పంపవలసిన ఓడలను ఆపేసింది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియాల పాత క్షేత్రాల గ్యాస్ ధరను ముడిచమురు ధరలో 10 శాతానికి ముడిపెట్టి, 4 డాలర్లు కనిష్ఠంగా, 6.50 డాలర్లు గరిష్ఠంగా నిర్ణయించింది. వాహనాల సీఎన్‌జీ, ఇళ్ల వంటగ్యాస్ ముందు వరుసలో ఉన్నందున ఆ చవక గ్యాస్ రసాయన పరిశ్రమ దాకా రావడం కష్టం. యూరియా కర్మాగారాలకు 2015 నుంచి దేశీయ, దిగుమతి గ్యాస్‌లను కలిపి ఒకే సగటు ధరకు ఇస్తున్నారు. ఆ ఏర్పాటు న్యాయమైనదే. అయితే గ్యాస్‌ను ముడిసరుకుగా వాడే ఇతర రసాయనాలకు దానిలో ఏ కొంత భాగమైనా ఎందుకు వర్తించకూడదో ఇంతవరకు ఎవరూ సంతృప్తికరంగా వివరించలేదు.

ఓడలో వచ్చిన ధర మీద 2.5 శాతం దిగుమతి సుంకం, ద్రవాన్ని తిరిగి వాయువుగా మార్చే రుసుము, పైపు రవాణా ఛార్జీ చేరతాయి. దూరం పెరిగేకొద్దీ బరువయ్యే రవాణా ఛార్జీని 2023 ఏప్రిల్ నుంచి అమలైన ఏకీకృత టారిఫ్ కొంత సమం చేసింది. రాష్ట్రాలు వేసే అమ్మకపు పన్ను వ్యాట్ సంగతి వేరు. గ్యాస్ జీఎస్టీ వెలుపల ఉన్నందున, దాని మీద కట్టిన వ్యాట్‌ను కర్మాగారం తన సరుకు మీద కట్టే జీఎస్టీలో మినహాయించుకోలేదు. ఫర్నేస్ ఆయిల్ జీఎస్టీ పరిధిలోనే ఉంది కనుక దానికి ఆ మినహాయింపు దొరుకుతుంది. అంటే పొగ ఎక్కువ వచ్చే ఇంధనానికే పన్నుల విధానం మొగ్గు చూపుతోంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చిన మణలిలో ఇది మరింత అన్యాయం.

సహజవాయువు మీద జీఎస్టీ ఏ తేదీ నుంచి విధించాలో జీఎస్టీ మండలి సిఫారసు చేయాలని రాజ్యాంగంలోని 279ఏ అధికరణ చెబుతోంది. వ్యాట్ ఆదాయం కోల్పోవలసిన తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలు కూడా ఆ మండలిలో సభ్యులే. 2017 జూలైలో జీఎస్టీ అమలైనప్పుడు ఖాళీగా వదిలిన ఆ తేదీని మండలి ఇంకా నిర్ణయించవలసి ఉంది.